కూజా మూతి

ఏ రాజు ఏలిన కాలమో గానీ, ఒక కోటలో బొమ్మలు గీయడం నేర్పే పాఠశాల ఉండేది. చదువు ముగిసేనాడు ప్రతి విద్యార్థీ ఒక మనిషి ముఖం గీసి నలుగురి ముందూ పెట్టాలి. చూసినవాళ్లు అది ఫలానావారని ఆనవాలు పడితేనే పట్టా, లేదంటే ఇంటిదారి.

అందరూ అమ్మనో అన్ననో కూర్చోబెట్టి గీశారు. వారిలో సింగారి అనే పిల్లకు మాత్రం ఎవరూ లేరు. పలకరించే దిక్కులేని గదిలో గొళ్లెం, కుంపటి, కూజా ముఖాలు పెట్టుకుని తనవైపే చూస్తున్నట్టుండేవి. వాటినే గీసింది.

పరీక్షకు వచ్చిన ఆస్థాన చిత్రకారుడు భైరవయ్య, తన గీత తప్ప లోకంలో గీతే లేదనుకునే మనిషి.

"ముఖం గీయమంటే వంటింటి సామాను గీశావేమిటే? కూజాకు ముఖమా! మూట సర్దుకో."

అంటూనే కూజా బొమ్మ ముందు ఆగిపోయాడు. ఉబ్బిన బుగ్గలు, ముందుకు పొడుచుకొచ్చిన మూతి. చుట్టూ జనం కిసుక్కుమన్నారు.

"ఓసి పొగరుమోతుదానా! నన్నే గీస్తావా?"

"మా గుమ్మం పక్కన కూజానండీ అది," అంది సింగారి. "దానికి ముఖం లేదంటారా, నేను మిమ్మల్ని గీయనట్టే. ఉందంటారా, తమరే ఆనవాలు పట్టారు కదా, పట్టా ఇప్పించండి."

అంతమంది చూస్తుండగా భైరవయ్య పట్టా మీద ముద్ర వేసి విసవిసా వెళ్లిపోయాడు.

సాయంత్రం తక్కినవాళ్లు తమవాళ్లతో నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు. సింగారి పట్టా పట్టుకుని ఖాళీ మండపంలో నిలబడింది. ఊడ్చడానికొచ్చిన ముసలమ్మ, "ఏంటమ్మా ఆ కాయితం?" అంది.

అడిగిందే చాలని, సింగారి ఆమెను కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పింది.