రెండు వేళ్ల సందు

విశాఖపట్నం హార్బరులో సరుకులకు తాళ్లు బిగించే పైడిరాజు మంచి పనిమంతుడే గాని, ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినే ఓపిక లేనివాడు. అతని భార్య నూకరత్నం ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఇద్దరూ కలిసి ఏదైనా కొత్తది నేర్చుకోవాలని ఆమెకు కోరిక. వసుంధర అనే ఆవిడ జపాన్ తాళ్ల కళ నేర్పుతోందని విని, భర్తను వెంటబెట్టుకుని వెళ్లింది.

ఆ కళలో ఒకరు కడతారు, ఒకరు కట్టించుకుంటారు. జనపనార తాడు బట్టల మీదుగా భుజాలనూ చేతులనూ చుట్టుకుంటూ అందమైన అల్లికగా మారుతుంది. మొదటిరోజే వసుంధర గట్టిగా చెప్పింది.

"తాడు కింద రెండు వేళ్లు దూరాలి. కత్తెర పక్కనే ఉండాలి. కట్టించుకునేవాళ్లు 'చాలు' అంటే అక్కడికక్కడ ఆపేయాలి."

"ఇరవై ఏళ్లుగా తాళ్లతోనే బతుకుతున్నానమ్మా, నాకు చెప్పాలా?" అని పైడిరాజు నవ్వేశాడు.

నాలుగో వారం అందరికంటే ముందు అల్లిక పూర్తిచేయాలని అతనికి ఆత్రం పుట్టింది. భార్య చేతులు వెనక్కి పెట్టించి చకచకా చుట్టాడు.

"మావా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. చాలు" అంది నూకరత్నం.

"ఉండు రత్నం, ఇంకొక్క ముడి."

ఆమె ఈసారి గట్టిగా అరిచేసరికి వసుంధర పరుగున వచ్చి తాడు కత్తిరించింది. అప్పటికే కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. ఆ చేత్తో ఆమె మంచినీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. నరం నలిగిందనీ, నెలరోజులు ఆ చేత్తో పనిచేయకూడదనీ డాక్టరు చెప్పాడు.

కుట్టుమిషను మూలపడింది. పైడిరాజు రోజూ భార్యకు జడ వేస్తూ, అన్నం కలిపి పెడుతూ కుమిలిపోయాడు.

"ఇక ఈ జన్మలో ఆ తాడు ముట్టను" అన్నాడు.

"ముట్టకపోతే నేర్చుకున్నట్టా? నేను చెయ్యి బాగుచేసుకుంటాను, నువ్వు చెవులు బాగుచేసుకో. మళ్లీ వెళ్దాం" అంది ఆమె.

వసుంధర అతన్ని వెంటనే కట్టనివ్వలేదు. "ఈ నెలంతా నువ్వు కట్టించుకోవాలి" అంది. ఎవరో కొత్తవాడు అతని చేతులు కట్టాడు. "కాస్త వదులు చెయ్యి బాబూ" అని పైడిరాజు రెండుసార్లు అడిగితేగాని వాడు వినలేదు. ఆ రెండు నిమిషాల్లో అతని ఒళ్లంతా చెమట పట్టింది. ఆనాడు రత్నం ఎంత భయపడిందో అప్పుడు తెలిసింది. ఆ మర్నాటి నుంచి డ్యూటీకి వెళ్లేముందు తన మోకాలికే తాడు చుట్టుకుని, వేళ్లు దూర్చి చూసుకుంటూ పట్టుదలగా సాధన చేశాడు.

నూకరత్నం చెయ్యి పూర్తిగా నయమయ్యాకే ఆమెకు తాడు కట్టాడు. మూడు నెలలకు అతిథుల ముందు ప్రదర్శన వచ్చింది. అల్లికలో చివరి పువ్వు ఒక్కటే మిగిలింది.

"చాలు మావా" అంది ఆమె, ఎవరికీ వినబడనంత మెల్లగా.

పైడిరాజు ఆ క్షణమే ఆగి, కట్లు విప్పేశాడు. జనంలో ఎవరో నవ్వారు. అతను అటు చూడనైనా లేదు. "ఎక్కడ నొప్పి?" అని అడిగాడు.

"భుజం పట్టేసింది, అంతే" అని ఆమె వేళ్లన్నీ ఆడించి చూపించింది.

వసుంధర దగ్గరకొచ్చి, "అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇదే పైడిరాజూ. ఈ రోజు నీకు వచ్చింది" అంది.

నీతి: మనల్ని నమ్మి తమను తాము అప్పగించుకున్నవాళ్ల మాట వినడమే మొదటి విద్య, అది రానివాడి చేతిలో ఎంత నేర్పు ఉన్నా ప్రమాదమే.