తూకాలవ్వ త్రాసు

అనగా అనగా, మబ్బులు కోట బురుజుల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే రోజుల్లో, రత్నగిరిని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, నడిమివాడు మేఘవర్ణుడు, చిన్నవాడు సుకేతుడు. సుకేతుడు వట్టి వసపిట్ట. నిద్రలో కూడా ఆ నోరు ఊరుకునేది కాదు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఇరవై ఏళ్లు నిండిన రాజకుమారుడు మంచుకొండ మీది తూకాలవ్వ దగ్గరికి వెళ్లి, తనకు కావలసిన శక్తిని తానే ఊహించుకుని అడగాలి. అవ్వ దాన్ని త్రాసులో ఒక తట్టలో పెడుతుంది. రెండో తట్టలో పెట్టే లోటు కూడా అడిగినవాడే చెప్పాలి. ముల్లు నిటారుగా నిలిస్తేనే శక్తి దక్కుతుంది. లేకపోతే వట్టి చేతులతో ఇంటికి రావడమే.

ఇలా ఉండగా ధూమకేశుడనే మాంత్రికుడు పొరుగు రాజకుమారి మందారవల్లిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. ఆమెను విడిపిస్తానని రణధీరుడు కొండ ఎక్కాడు.

"నా కత్తి దేన్నైనా నరకాలి. దానికి బదులుగా నేనిక కాకరకాయ తినను!"

ముల్లు కదల్లేదు. అవ్వ బోసినోటితో నవ్వింది. "ఇన్నాళ్లూ తిన్నావా ఏంటి నాయనా?"

"సరే, ఏడాదికి ఒక్కసారే నరుకుతుంది" అన్నాడు. ముల్లు నిలిచింది. కానీ ఆగలేక కొండ దిగుతూనే ఒక బండరాయిని నరికి మురిసిపోయాడు! తీరా ధూమకేశుడి ముందు నిలబడేసరికి అది మామూలు కత్తి. మాంత్రికుడు అతన్ని శిల చేశాడు.

మేఘవర్ణుడు మాయమయ్యే శక్తి అడిగాడు. మాయమైనంతసేపూ తనకేమీ కనిపించకపోయినా పరవాలేదన్నాడు. పాపం, కళ్లు కనపడక వెళ్లి వెళ్లి మాంత్రికుడి బొజ్జకే గుద్దుకున్నాడు. అతనూ శిలైపోయాడు.

రాణి అన్నం మానేసి ఏడుస్తుంటే చూడలేక సుకేతుడు కొండ ఎక్కాడు.

"నాకు జంతువుల మాట, పక్షుల మాట రావాలవ్వా. వాటితో మాట్లాడిన రోజు మనుషులతో మాట్లాడను."

లోటు పెట్టిన తట్ట తేలిపోయింది. సుకేతుడు చాలాసేపు ఆలోచించాడు. తన దగ్గర బరువైనవి మాటలే కదా!

"అయితే అది వద్దులే. వాటితో మాట్లాడిన ప్రతిసారీ, నాకు ఇష్టమైన మాట ఒకటి నా నోటినుంచి శాశ్వతంగా పోతుంది."

ముల్లు నిటారుగా నిలిచింది. అవ్వ అతని తల నిమిరింది.

"శక్తి ఎంతో లోటూ అంతే బాబూ. ధూమకేశుడూ నా త్రాసు ముందు నిలబడ్డవాడే. వంద శక్తులడిగి, రెండో తట్టలో ప్రాణమే పెట్టాడు. ఆ ప్రాణం ఒక చిలకలో ఉంది. చిలక పంజరంలో ఉన్నంతవరకే వాడి ఆట."

సముద్రం ఒడ్డున సుకేతుడు ఒక తిమింగలాన్ని పలకరించాడు. పోబోయే మాట ముందుగా నాలుక మీద తియ్యగా మెదిలింది. అది 'ఇల్లు'. మరుక్షణం అది లేదు. తిమింగలం అతన్ని వీపున ఎక్కించుకుంది. పాలరంగు సముద్రం, పసుపురంగు సముద్రం, చుక్కలు ఈదులాడే సముద్రం, అలా ఏడూ దాటించి, తిరిగి వచ్చేదాకా ఒడ్డున కాచుకుంటానంది.

దీవి మీద చీమలను దారి అడిగాడు. ఈసారి అతని పేరు పోయింది. చీమలు బారుగా నడిచి చిలక గదికి తీసుకుపోయాయి.

కొత్త మనిషి కనిపిస్తే కేకపెట్టమని మాంత్రికుడు చిలకకు నేర్పాడు. అది ముక్కు తెరిచింది. సుకేతుడి నాలుక మీద ఒక మాట మెదిలింది. అమ్మ.

ఆ ఒక్కటీ వద్దనుకున్నాడు. కానీ పక్కనే శిలలైన అన్నలు, కిటికీ దగ్గర చిక్కి సగమైన మందారవల్లి. 'అమ్మా, అమ్మా, అమ్మా' అని గబగబా మూడుసార్లు గొణుక్కుని, చిలకవైపు తిరిగి, చిలక భాషలో అడిగాడు:

"నీకేం కావాలి?"

చిలక కేక మానేసి తెల్లబోయింది. "ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. జామపండు కావాలి. చెట్టు మీద కూర్చుని తినాలి."

సుకేతుడు పంజరం తెరిచాడు. చిలక తుర్రుమంది. అది రెక్క ఆడించినప్పుడల్లా మాంత్రికుడి శక్తి ఒక్కొక్కటే రాలిపోయింది. వందోది రాలేసరికి వాడి చోట గుప్పెడు బూడిద మిగిలింది. అన్నలిద్దరూ ఆవలిస్తూ లేచారు.

"మీరెవరండీ?" అంది మందారవల్లి.

"నా పేరు చెప్పలేనండీ, చీమలకిచ్చేశాను" అన్నాడు. అన్నలు చెప్పారు. తిమింగలం వీపు మీద తిరిగి వస్తూ అతను ఆమెకు జరిగిందంతా చెప్పాడు. "నన్ను కన్నావిడను ఇక నేను పిలవలేను" అని కళ్లు తుడుచుకున్నాడు.

రాణి చెప్పులైనా లేకుండా కోటవాకిలి దాకా పరుగెత్తుకొచ్చింది. సుకేతుడు నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. రాణి ముఖం వాడిపోయింది.

అప్పుడు మందారవల్లి ముందుకొచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "అమ్మా! ఈయన ఆ పిలుపునే ఇచ్చేసి మమ్మల్ని తెచ్చారు. ఈయన బదులు నేను పిలుస్తాను."

రాణి ఇద్దరినీ గుండెకు హత్తుకుని బావురుమంది.

ఊరూవాడా చూస్తుండగా వాళ్లిద్దరికీ పెళ్లి జరిగింది. అరవై ఏళ్లు చల్లగా ఏలారు. రాణి ఉన్నన్నాళ్లూ, రోజూ పొద్దున్నే ఆమె గుమ్మంలో మందారవల్లి "అమ్మా" అని రెండుసార్లు పిలిచేది. మొదటిదానికి రాణి "ఏమ్మా" అనేది. రెండోదానికి సుకేతుడివైపు తిరిగి, "ఏం నాన్నా" అనేది.