గుమ్ములూరి వారి నల్లరాతి కవచం

గుమ్ములూరి వారింట్లో తెలివి ఎంత ఉండేదంటే, రోజూ వాడితే ఎక్కడ అరిగిపోతుందోనని అటక మీద దాచి పెట్టుకునేవారు. పండక్కీ పబ్బానికీ కూడా కిందికి దించేవారు కాదు. అంత పొదుపు! ఊడిమూడిపాలెంలో తమని మించిన బుర్రలు లేవని అన్నదమ్ములు ముగ్గురూ ఒకరితో ఒకరు చెప్పుకునేవారు. ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంక కాదనడానికి ఎవరున్నారు? పెద్దవాడు పేరయ్య, నడిమివాడు గనిరాజు, చిన్నవాడు తాతబ్బులు. దేవుడు తెలివి ముందు పెద్దవాడికి కడుపునిండా వడ్డించి, గిన్నె గోకి మిగిలింది తమ్ముళ్ళకి పెట్టాడని పేరయ్య నమ్మకం.

ఆ ఇంటి పరువు మాత్రం పేరయ్య పెళ్ళాం అచ్చాయమ్మ చేతిలోనూ, ఆవిడ ముందు బోర్లించిన పాత మట్టికుండ మీదా ఉంది. అత్తగారి నాటి పూతరేకుల కుండ అది. కింద కొబ్బరాకుల మంట, పైన బియ్యప్పిండి పాలలో ముంచిన గుడ్డ. గుడ్డ అలా లాగితే రేకు ఇలా లేచేది. ఎంత పల్చనంటే, ఒకసారి ఆవిడ తుమ్మితే నలభై రేకులు గోదావరి దాటి అవతలి ఒడ్డున వాలాయి. అక్కడి జనం మబ్బు చిరిగి రాలుతోందనుకుని గొడుగులు తీశారు. ఆ గొడుగులు ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే వెళ్ళి చూసుకోవచ్చు.

ఆ ఏడు వాళ్ళ పెరటి గోడ అవతల సెల్ టవర్ లేచింది. అచ్చాయమ్మకి తలనొప్పి. ఇంకేముంది, పేరయ్య పెద్దరికం మేలుకుంది.

"టవర్ కిరణాలే! నా పెళ్ళాం తలలో దూరుతున్నాయి."

"పదిహేనేళ్ళ నించీ పొగలో కూర్చుంటున్నానండీ. తలనొప్పి రాక ఏమొస్తుంది?" అంది అచ్చాయమ్మ.

"పొగ కంటికి కనిపిస్తుందే పిచ్చిదానా! కనిపించేది మనల్నేం చేస్తుంది? కిరణం కనిపించదు. అంచేత అదే!"

ఇంత గట్టి వాదన విన్నాక ఆవిడకి తలనొప్పి రెండింతలయింది. పేరయ్య నిజంగానే బెంగపెట్టుకున్నాడు. పైగా పదిరోజుల్లో రైసుమిల్లు వీర్రాఘవులు గారి మనవరాలి పెళ్ళి. వెయ్యి రేకులు చుట్టి ఇవ్వాలి. మూడు తరాలుగా ఆ ఇంట పెళ్ళంటే వీళ్ళ రేకులే. "ఈసారి తేడా వచ్చిందో, మళ్ళీ మీ గుమ్మం తొక్కను" అని ఆయన ముందే చెప్పి వెళ్ళాడు. అచ్చాయమ్మ మంచమెక్కితే ఆ గుమ్మానికి అదే ఆఖరు.

సరిగ్గా అప్పుడే సంతలో ఎవరో మైకు పట్టుకుని కరపత్రాలు పంచాడు. 'మీ ఇంట్లోనే చేసుకోండి నల్లరాతి కవచం! కిరణాలు ఆమడ దూరం!' పేరయ్య దాన్ని కళ్ళకద్దుకుని తెచ్చి తమ్ముళ్ళకి చదివి వినిపించాడు. మొదటి మాట: 'రాయిని మీరు ఎంచుకోకండి. రాయే మిమ్మల్ని ఎంచుకోవాలి.'

అంతే. ముగ్గురూ తలంట్లు పోసుకుని, ఉతికిన పంచెలు కట్టుకుని, క్వారీ పక్క నల్లరాళ్ళ కుప్ప ముందు వరసగా కూర్చున్నారు. గంటయింది. రెండు గంటలయింది. ఒక్క రాయీ కదల్లేదు.

"మొహమాటపడుతున్నాయేమో అన్నయ్యా. కాస్త నవ్వుదాం" అన్నాడు గనిరాజు.

నవ్వారు. దారినపోయే గేదె బెదిరింది గానీ రాళ్ళు కదల్లేదు. ఇంతలో లారీ వచ్చి వెనక్కి లేచి లోడంతా గుమ్మరించింది. గుమ్మడికాయంత రాయి ఒకటి దొర్లుకుంటూ వచ్చి తాతబ్బులు కాలి బొటనవేలి మీద కూర్చుంది.

"అమ్మో! చచ్చాన్రో! అన్నయ్యా, నన్ను ఎంచుకుంది!" అని వాడు ఏడుస్తూ గంతులేశాడు.

పేరయ్యకి అసూయ పుట్టింది. పెద్దవాణ్ణి నేనుండగా చిన్నవాణ్ణి ఎంచుకోవడమా? లారీ ముందుకెళ్ళి కాళ్ళు చాపి పడుకున్నాడు. "బాబూ డ్రైవరూ, ఎత్తి మళ్ళీ పొయ్యవయ్యా, నా మీదకి!"

డ్రైవరు ఏం తిట్టాడో పిల్లలు వినే చోట చెప్పకూడదు. చివరికి వాళ్ళని వదిలించుకోవడానికి తలో నాలుగు రాళ్ళూ వాళ్ళ వైపు విసిరాడు. ఇంకేముంది, గనిరాజుకి మోచెయ్యి వాచింది, పేరయ్యకి నుదురు బొప్పికట్టింది. ముగ్గురూ పట్టాభిషేకం అయినట్టు రాళ్ళ బస్తాతో ఇంటికొచ్చారు.

రెండో మాట: 'రాళ్ళను పసిబిడ్డల్లా చూసుకోండి.' రాళ్ళకి నువ్వులనూనె పట్టించారు, సున్నిపిండితో నలిచారు, కాళ్ళ మీద వేసుకుని వేణ్ణీళ్ళు పోశారు. గనిరాజు తన రాయికి దిష్టిచుక్క పెట్టాడు. నల్లరాతి మీద నల్లచుక్క కనబడక మూడుసార్లు పెట్టాడు.

మూడో మాట: 'ఇంట్లో అన్నిటికన్నా విలువైన పాత్రలో, ఖాళీ లేకుండా నింపండి.'

"ఇత్తడి బిందె" అన్నాడు తాతబ్బులు.

"కుక్కరు! కిరణం రాగానే విజిలేస్తుంది" అన్నాడు గనిరాజు.

"అబ్బే! మన ఇంట్లో విలువైంది మీ వదిన రేకుల కుండ" అన్నాడు పేరయ్య.

అచ్చాయమ్మ పిండి రుబ్బుకుని వచ్చేసరికి కుండ నిండా రాళ్ళు. "ఏవండీ! పెళ్ళి రెండ్రోజుల్లో పెట్టుకుని, మంట ఎక్కడ పెట్టనండీ? నా నెత్తిన పెట్టుకోనా?"

పేరయ్య అటక వైపు ఒకసారి చూశాడు. తెలివి దించే అవసరం లేకుండానే ఉపాయం తట్టింది. "మంట లోపలికి వెళ్ళకపోతే, రాళ్ళనే మంటలోకి పంపి తిరిగి రమ్మందాం!"

పెరట్లో పెద్ద మంటేశారు. తడి తడి రాళ్ళని అందులో పడేశారు. కాసేపటికి ఠప్! ఠప్! అని రాళ్ళు పగిలి తునకలు ఎగిరాయి.

"తుమ్ముతున్నాయి అన్నయ్యా!" అని తాతబ్బులు బావురుమన్నాడు. "నీళ్ళు పోశాక తల తుడవలేదు. జలుబు చేసేసింది!"

అచ్చాయమ్మ కూడా మనసు కరిగి మిరియాల కషాయం కాచి మంట మీద చిలకరించింది. రాళ్ళు ఇంకా గట్టిగా తుమ్మాయి. పగలకుండా మిగిలినవాటిని పటకారుతో కుండ కింద పేర్చారు. అప్పుడు జరిగింది చూడండి! పొగ లేదు, మసి లేదు, ఎర్రగా కాలిన నల్లరాయి వేడి కుండంతా సమంగా పట్టింది. గుడ్డ పరిస్తే రేకు తనంతట తానే లేచి నిలబడింది. ఆవిడ తలనొప్పి ఎటుపోయిందో పోయింది.

"టవర్ ఓడిపోయింది!" అని పేరయ్య తొడగొట్టాడు. పొగ లేదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తట్టడానికి తెలివి అటక మీద ఉంది.

ఇక కరపత్రంలో ఆఖరి మాట మిగిలింది: 'ఫలితం కనిపించాక పదిమందికీ పంచండి. పంచకపోతే కవచం చచ్చిపోతుంది.'

ఇంకేముంది! పెళ్ళికి వెయ్యిమంది వస్తున్నారు. పగిలిన తునకలు గంపెడున్నాయి. అన్నదమ్ములు కూర్చుని రేకులో నెయ్యి, నెయ్యి మీద బెల్లం పొడి, బెల్లంలో ఒక రాతి తునక పెట్టి చక్కగా మడతలేశారు. అచ్చాయమ్మ వచ్చి చూసి నొచ్చుకుంది.

"అందరికీ ఒకటే కొలతా? మగపెళ్ళివారికి కాస్త పెద్దవి వెయ్యద్దూ? మర్యాద తెలియని మనుషులు!"

అన్నదమ్ములు గంప మోసుకెళ్ళి విడిదింట్లో దించగానే, వీర్రాఘవులు గారు రుచి చూద్దామని మొదటిది నోట్లో పెట్టుకున్నారు. కటుక్కుమంది. ఆయన పై పన్ను ఊడి వియ్యంకుడి కాఫీలో పడింది. వియ్యంకుడు నోరు తెరిచి నవ్వబోయి, తనూ ఒకటి కొరికి, నోరు మూసుకున్నాడు.

"ఇదేంట్రా?" అన్నారు వీర్రాఘవులు గారు చొల్లు కారుతుండగా.

"కవచమండీ. లోపలికి వెళ్తే ఇంకా బాగా పనిచేస్తుందండీ. నమలకండి, మింగెయ్యండి" అన్నాడు పేరయ్య వినయంగా.

పెద్దాయన అక్కడికక్కడే గెంటించేసేవాడే. కానీ మూడు తరాల అలవాటు, ఇప్పటికిప్పుడు వేరే రేకులు దొరకవు. "రేపు సాయంత్రం భోజనాల వేళకి రాళ్ళు లేని రేకులు వెయ్యి నా పందిట్లో ఉండాలి. ఇదే మీకు ఆఖరు అవకాశం. తెచ్చేటప్పుడు మీ మొహాలు మాత్రం నాకు కనబడకూడదు!"

అచ్చాయమ్మ ఆ పూటా మర్నాడూ కుండ దగ్గర్నించి లేవలేదు. సూర్యుడు కూడా ఆవిడ చేతుల వేగం చూస్తూ అస్తమించడం మర్చిపోయాడు. వెయ్యి రేకులు, ఒక్క రాయి లేకుండా, గంపలో సిద్ధం. పేరయ్య చెమర్చిన కళ్ళతో గంపకేసి చూశాడు. ఈసారి పరువు దక్కింది.

"మరి మొహాలు?" అన్నాడు గనిరాజు.

అంతే. తమ్ముళ్ళిద్దరూ నీళ్ళకుండలు తలల మీద బోర్లించుకున్నారు. పెద్దవాడు కాబట్టి పేరయ్య రేకుల కుండ బోర్లించుకున్నాడు. మెడదాకా దిగింది. ఆయన గంప పట్టుకుని ముందు, తమ్ముళ్ళు పంచె కొంగు పట్టుకుని వెనక. పెరటి తలుపు దాటి పది అడుగులు వేశారో లేదో, ఢాం! పేరయ్య తల తిన్నగా వెళ్ళి సెల్ టవర్ ఇనుప కాలికి తగిలింది. అత్తగారి నాటి కుండ ముక్కలు ముక్కలై భుజాల మీంచి రాలింది.

అచ్చాయమ్మ పరిగెత్తుకొచ్చి నెత్తి బాదుకుంది.

"ఏడవకే! చూశావుటే, ఎంత పెద్ద కిరణం తగిలిందో!" అని పేరయ్య పొంగిపోయాడు. "కుండ పగిలింది గానీ తల పగల్లేదు. కవచమంటే ఇదీ!"

"అన్నయ్యా," అన్నాడు తాతబ్బులు కుండలోంచి, "మరిప్పుడు నీ మొహం కనబడిపోతుందేమో?"

పేరయ్య ఉలిక్కిపడ్డాడు. నిజమే! పెద్దమనిషికి ఇచ్చిన మాట! అటూ ఇటూ చూశాడు. చేతిలో గంప తప్ప మరేం లేదు. పక్కనే కాలవ. ఇంకేముంది, వెయ్యి రేకులూ కాలవలో గుమ్మరించి, గంప మెడదాకా బోర్లించుకుని, తమ్ముళ్ళని వెంటేసుకుని దర్జాగా పెళ్ళిపందిట్లోకి నడిచాడు.

"వచ్చామండీ వీర్రాఘవులు గారూ!" అంది గంప. "ఒక్క రాయి లేదు, ఒక్క మొహం లేదు. మాట తప్పే వంశం కాదండీ మాది!"