రెండు అక్షరాల మధ్య

ఒక ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లు ఉండేవి. పెద్దది కొడుకు కొన్నది. బాగా బరువు. తెరమీద నగరాలకు నగరాలు కట్టి కూల్చగల సత్తా ఉన్నది. చిన్నది కూతురు కొన్నది. చవక, పల్చన. అది ఇంట్లోకి వచ్చిన రోజున పెద్దది ఫ్యాను తిప్పి మరీ నవ్వింది.

ఆ ఇంటి తల్లికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే కదిలేది. ఆమె నెలల తరబడి ఏదో చెప్పాలని చూస్తోంది. మంచినీళ్ళా, మందా, దుప్పటా అని అడిగేవారు. ఏదీ కాదు. ఆమె విసుగ్గా కళ్ళు మూసుకునేది. కూతురికి గుండె తరుక్కుపోయేది.

కొడుకు పెద్దదాన్ని మంచం పక్కన బల్లమీద పెట్టి కాశీ చూపించాడు, సముద్రాలు చూపించాడు.

"చూడమ్మా, లోకమంతా నీ ముందే ఉంది."

తల్లి చూపు తిప్పుకుంది. పోనీ ఒళ్ళో పెడదామంటే అది మోయలేని బరువు, పైగా వేడి. ఫోనులో అక్షరాలేమో ఆమె కంటికి ఆనవు.

కూతురు చిన్నదాన్ని తెచ్చి తల్లి పొట్టమీద ఆనించింది. "నీకు వీలైనప్పుడే నొక్కమ్మా. తొందరేం లేదు."

వేలు లేచింది. చాలాసేపటికి ఒక అక్షరం పడింది. మళ్ళీ వేలు గాలిలో ఆగిపోయింది.

"ఈపాటికి నేనో నగరం కట్టేసేదాన్ని" అంది పెద్దది.

"నాకు ఎదురుచూడటం తప్ప పనేం లేదు" అంది చిన్నది.

తల్లి ఊపిరితోపాటు చిన్నదీ లేస్తోంది, దిగుతోంది. ఒక్క అక్షరం కోసం మనిషి ఇంత దూరం నుంచి రావాలా అని నివ్వెరపోయింది. తాను చవకదాన్నన్న సంగతే మరిచిపోయింది.

పొద్దువాలేసరికి తెరమీద రెండు మాటలు నిలిచాయి. "మంచం తిప్పు."

ఉత్తరానికి తల పెట్టకూడదని వాళ్ళు ఆమెను దక్షిణం తలగా పడుకోబెట్టారు. వీధి గుమ్మం తల వెనక్కి పోయింది. ఇన్నాళ్ళూ ఆమె గోడనే చూసింది.

"ఉత్తరం తలా! అరిష్టం కదే" అన్నాడు కొడుకు.

"అమ్మ అడిగింది అన్నయ్యా. నోరు తెరిచి అడిగినట్టే కదా!" కూతురు ఏడ్చేసింది.

అన్నే వచ్చి మంచం రెండో కొస పట్టుకున్నాడు.

వీధిలో ఆకుకూరలామె గంప దించుతోంది. ముగ్గు చెరిపిందని కోడిని తరుముతున్న ఎదురింటావిడ, గుమ్మంలోంచి ఇటు చూసి ఆగిపోయింది.

"వదినా! ఎన్నాళ్ళకు కనబడ్డావు!"

తల్లి కళ్ళు నిండిపోయాయి.

"ఏం చూస్తోందామె?" అని అడిగింది పెద్దది.

"వీధిని."

"అంతేనా?"

చిన్నదాని తెర మెల్లగా చీకటైంది. బల్లమీద పెద్దదాని ఫ్యాను ఎవరూ ఆపకుండానే ఆగింది. తల్లి వేలు మాత్రం ఒక అక్షరం మీద, నొక్కకుండా, అలాగే ఉంది.