పాత జెండాని సాగనంపిన మంగాయమ్మ

మంగాయమ్మ ఇంట్లో ముగ్గురు. ముగ్గురూ తెలివైనవాళ్ళే. ఊళ్ళో ఎవరూ ఆ మాట అనరంటే అది కడుపుమంటేనని ఆమె ఎప్పుడో తేల్చేసింది.

ఆమె పంచాయతీ ఆఫీసులో అటెండరు. పంద్రాగస్టు తెల్లవారగానే సెక్రటరీ గారు వెలిసిపోయి అంచు చిరిగిన పాత జెండా ఆమె చేతికిచ్చారు. చెత్తలో పడెయ్యకూడదు, మసిగుడ్డ చెయ్యకూడదు, గౌరవంగా, ఎవరూ చూడకుండా దహనం చెయ్యాలని చెప్పారు. తేడా వస్తే ఉద్యోగం ఉండదన్నారు.

ఆ జీతం మీదే ఇల్లు నడిచేది. మంగాయమ్మ జెండాని కొంగులో దాచుకుని గబగబా ఇంటికొచ్చింది.

గౌరవం అన్నారు కాబట్టి మొగుడు గవర్రాజు తలంటుకుని కొత్త పంచె తీశాడు. మసవుతుంది, పనయ్యాక కట్టుకోమందామె. పంచె మడత అరుగు మీద, జెండా పక్కనే పెట్టారు. పెరట్లో నిప్పు రాజేశారు.

ఎవరూ చూడకూడదు కదా. మరిది సత్తియ్య తలుపులు మూశాడు. కోళ్ళ మీద గంప బోర్లించాడు. గేదె మొహానికి గోనెసంచి కట్టాడు. దేవుడి పటాలు గోడవైపు తిప్పాడు.

"ఇంకెవరూ లేరుగా?" అంది మంగాయమ్మ.

"మనం ముగ్గురం ఉన్నాం కదా వదినా."

అంతే, ముగ్గురూ కళ్ళకి గంతలు కట్టుకున్నారు. గవర్రాజు తడుముకుంటూ మెత్తటి మడతొకటి నిప్పుల్లో పెట్టాడు. మంగాయమ్మ దణ్ణం పెట్టింది. గంతలు విప్పేసరికి ఇంకేముంది, జెండా అరుగు మీదే ఉంది. పంచె బూడిదైంది.

ఈలోగా కళ్ళు కనబడని గేదె కట్టుకొయ్య పీక్కుని, పంచాయతీ ఆఫీసు ముందు వేసిన కుర్చీలన్నీ తొక్కేసింది. దాన్ని తోలుకుంటూ సెక్రటరీ గారే వచ్చారు. సంగతి విన్నారు. ముగ్గుర్నీ లోపలికి పంపి, ఆ జెండాని తనే మర్యాదగా దహనం చేసి, బూడిద మట్టిలో కలిపారు.

మంగాయమ్మ ఏడుపు చూసి ఆయనకి జాలేసింది.

"ఇదే ఆఖరు. కొత్త జెండా ఎగరెయ్యబోతున్నాం. సాయంత్రం దించేదాకా కన్నార్పకుండా చూసుకో."

బతికిపోయాననుకుని ఆమె పరుగెత్తింది.

జెండా ఎగిరింది. ఊరంతా చెయ్యెత్తి వందనం చేసింది. మంగాయమ్మ మాత్రం రెండు చేతులతో రెండు రెప్పలూ పైకి పట్టుకుని, కన్నీళ్ళు కారుతుంటే అలాగే నిలబడింది.

వందనం చెయ్యవేమని సెక్రటరీ గారు పళ్ళు కొరికారు.

"చేతులు ఖాళీ లేవండీ," అంది.

మళ్ళీ ఉద్యోగం పోయేట్టుందని గవర్రాజు పరుగున వచ్చి ఒక రెప్ప పట్టుకున్నాడు. సత్తియ్య రెండోది పట్టుకున్నాడు. మంగాయమ్మ రెండు చేతులూ ఎత్తి వందనం చేసింది. ఒకటి తన తరఫున, ఒకటి వాళ్ళిద్దరి తరఫునా కలిపి.