నాలుగు వందల ఎర్ర దారాలు

నాలుగు వందల వరహాలు. ఒకానొక ద్వీపరాజ్యపు రేవులో ఓడ దిగేనాటికి తిప్పన్న దగ్గరున్న సొమ్ము సరిగ్గా అంత. అందులో ఒక్క వరహా కూడా అతనిది కాదు.

సముద్రానికి ఇవతలి ఒడ్డున ఉప్పుమళ్ళు చేసుకుని బతికే ఇరవై కుటుంబాలు ఇంటికి ఇరవై వరహాల చొప్పున పోగుచేశాయి. "లెక్కల్లో నీ అంతవాడు మన పేటలో లేడు. వెళ్ళి లవంగాలు కొనుక్కురా అబ్బాయ్. లాభంలో నీకూ ఒక వాటా" అని చెప్పి ఓడ ఎక్కించాయి. తిప్పన్నకు ఇరవై రెండేళ్ళు. ఆ సొమ్ము పోతే ఇరవై ఇళ్ళలో పొయ్యి వెలగదని, తను మళ్ళీ ఆ పేటలో అడుగుపెట్టలేడని అతనికి తెలుసు.

గాలి కలిసొచ్చి ఓడ ముందే చేరింది. లవంగం కోతకు ఇంకా యాభై రోజుల గడువుంది.

ఆ ద్వీపాన్ని ఏలే ఉత్తుంగవర్మ మహారాజుకు ఒక బిరుదుంది: పరదేశిధనరక్షక. ఎవరిచ్చారని అడగకూడదు, ఆయనే ఇచ్చుకున్నాడు. భట్రాజు రోజుకు మూడుసార్లు ఆ బిరుదు చదవాలి. ఒక పూట మరిచిపోతే రాజుగారికి అన్నం సయించదు. తన రాజ్యంలో పదకొండేళ్ళుగా పరదేశి సొమ్ము ఒక్క కాసు కూడా దొంగలపాలు కాలేదని ఆయనకు మహా గర్వం.

అది నిజమే. ఎలా కాలేదో తిప్పన్నకు రేవులోనే తెలిసింది.

రేవులో ముద్రాధికారి శూలపాణి బల్ల వేసుకుని కూర్చున్నాడు. దిగిన ప్రతివాడి సొమ్మూ తోలుసంచిలో పోసి, మూతి బిగించి, లక్కతో రాజముద్ర వేస్తున్నాడు. తిప్పన్నకు ముందు నిలబడ్డ వర్తకుడు సొమ్మంతా గుమ్మడికాయ తొలిచి దాచుకున్నాడు. శూలపాణి ఆ కాయవైపు చూడనైనా లేదు. "ఈసారి గుమ్మడికాయలు బాగా కాశాయా సెట్టీ?" అని మాత్రం అడిగాడు. వర్తకుడు గబుక్కున భుజాలు తడుముకున్నాడు. దాచినందుకు సగం జప్తు.

తిప్పన్న ఏమీ దాచలేదు. సొమ్ము బల్లమీద పెట్టి, "నిబంధనలేమిటో సెలవివ్వండి" అన్నాడు.

శూలపాణికి నిబంధనలు చదవడమంటే పాయసం తాగినట్టు. "నూరు వరహాలకు ఒక కావలివాడు. నీకు నలుగురు. వాళ్ళ భోజనం, తాంబూలం, తలంటు ఖర్చు నీదే, మనిషికి రోజుకు అర వరహా. సంచి నువ్వు విప్పకూడదు. నేను వచ్చి విప్పుతాను, విప్పినప్పుడల్లా అయిదు వరహాలు. ఏ రోజు ఖర్చు ఆ రోజే తీయాలి, ఎక్కువ తీస్తే ఆ ఎక్కువకు కాపలా ఎవరు? కోత రోజున సంచి నీ చేతికిస్తాము. హాయిగా సరుకు కొనుక్కోవచ్చు."

అతను చదవడం ముగించేలోపే తిప్పన్న లెక్క ముగించాడు. నలుగురికి రోజుకు రెండు, విప్పుడుకూలి అయిదు, మొత్తం ఏడు. యాభై రోజులకు మూడు వందల యాభై. కోతనాడు ఆఖరి విప్పుడుకు ఇంకో అయిదు. మిగిలేది నలభై అయిదు.

"అయ్యా, దొంగ వస్తే ఒక్కసారే వస్తాడు," అన్నాడు తిప్పన్న. "ఈ నలుగురికీ రోజూ రెండుపూటలా ఆకలేస్తుందే?"

"దొంగ సొమ్ము తీసుకుని పోతాడు. వీళ్ళు నీతోనే ఉంటారు," అని శూలపాణి లక్కమీద ముద్ర నొక్కాడు.

కావలివాళ్ళ పెద్ద పేరు భీమడు. పేరుకు తగ్గ పొట్ట. "సెట్టిగారూ, ఈ వేళ చేపల పులుసా, కోడికూరా?" అన్నదే అతను సంచి భుజాన వేసుకుంటూ పలికిన మొదటి మాట.

చిల్లర కదా అని శూలపాణి వదిలేసిన పదో పన్నెండో రూకలే సంచి బయట తిప్పన్న మొలలో ఉన్నాయి. సంత చివర అన్నం వండి అమ్మే మేలక్క దగ్గర ఆ సాయంత్రం నలుగురికీ భోజనం పెట్టించేసరికి అవి కాస్తా చెల్లిపోయాయి. మేలక్కకు లవంగం తోట కూడా ఉంది. అన్నం వడ్డిస్తూ ఆమె తిప్పన్న ముఖం చూసింది.

"నువ్వు తినవేం నాయనా?"

"వీళ్ళు తింటుంటే నా కడుపు నిండిపోతోందక్కా," అన్నాడు తిప్పన్న. అతని చూపు పెరట్లోని లవంగం చెట్లమీద ఉంది. కొన్ని కొమ్మలకు ఎర్ర దారాలు కట్టి ఉన్నాయి. "అవేమిటి? మొక్కులా?"

"మొక్కులు కావు, బేరాలు. మా వాళ్ళలో వాళ్ళకు వాడుక. కోతకు ముందే చెట్టుకు ఒక వరహా ఇచ్చి దారం కట్టుకుంటే ఆ చెట్టు కాపు వాళ్ళది. మొగ్గ ఎర్రబడేలోపు మనసు మారితే దారం విప్పుకుని వరహా వెనక్కి అడగొచ్చు. అడిగిన గడియలో ఇవ్వాలి. ఇవ్వని ఇంటివాళ్ళను మా సంతలో చాప పరవనివ్వరు, మూడు తరాలదాకా."

"పరదేశులు ఎవరూ కట్టలేదా?"

"పరదేశి చేతికి డబ్బేదీ? అదెప్పుడూ ఇదిగో, ఈ భీమడి ఒళ్ళో ఉంటుంది."

భీమడు సంచి నిమురుతూ ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే తిప్పన్న కొలువుకు వెళ్ళాడు. వెంట సంచి, సంచి వెంట నలుగురు. భట్రాజు బిరుదు చదివేదాకా ఆగి, చేతులు జోడించాడు.

"మహాప్రభూ, తమ కాపలాకన్నా క్షేమమైన కాపలా ఒకటుంది. అనుమతిస్తే చూపిస్తాను."

కొలువంతా చెవులు రిక్కించింది. ఉత్తుంగవర్మ మీసం దువ్వాడు. "ఏమోయ్ కుర్రవాడా, పదకొండేళ్ళలో ఈ మాట అన్నవాడు లేడు. నీ సంచిలో చీమ దూరిందా?"

"చీమ దూరలేదు ప్రభూ. కానీ యాభై రోజుల తరువాత నా సంచిలో చీమకు కూడా ఏమీ మిగలదు. తమరు ఒక్కసారి నాలాగా పరదేశి అయి చూడండి. తమరూ నాలుగు వందల వరహాలు సంచిలో వేసి, ఇదే చట్టం ప్రకారం, ఇదే నలుగురి కాపలాలో మూడు రోజులుంచండి. వాళ్ళ భోజనం ఆ సంచిలోంచే. నా నాలుగు వందలు నాకు తోచినచోట నేనుంచుకుంటాను. నాలుగో రోజు కొలువులో ఎవరి సొమ్ము తగ్గితే వాళ్ళు ఓడినట్టు."

రాజుగారు పకపకా నవ్వారు. ఆయన జన్మలో ఎవరికీ అన్నం ఖరీదు కట్టి పెట్టలేదు, అన్నానికి ఖరీదుంటుందని కూడా ఎవరూ చెప్పలేదు. "సరే. నాది తగ్గితే చట్టం కొట్టేస్తాను. నీది ఒక్క వరహా తగ్గినా, మొత్తం నాలుగు వందలూ నా ఖజానాకు. ఒప్పుకుంటావా?"

తిప్పన్నకు పేటలోని ఇరవై గడపలూ కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. అయినా "చిత్తం" అన్నాడు.

తిప్పన్న సంచి విప్పారు. ఆ ఒక్కసారికి కూలి రాజుగారు దయతో మాఫీ చేశారు.

మొదటి రోజు సాయంత్రం వేగులు వచ్చి చెప్పారు: "ప్రభూ, వాడు తోటల్లో తిరుగుతున్నాడు. ఇంటింటికీ వరహాలు పంచుతున్నాడు."

రెండో రోజు చెప్పారు: "వాడి చేతిలో డబ్బు సగానికి సగం లేదు. దారపు ఉండ మాత్రం ఉంది."

మూడో రోజు చెప్పారు: "ఒక్క వరహా లేదు ప్రభూ. దారం కూడా అయిపోయింది. మేలక్క ఇంట్లో కూర్చుని మజ్జిగన్నం తింటున్నాడు."

"అయ్యో పాపం," అన్నాడు రాజు ఎంతో సంతోషంగా.

నాలుగో రోజు కొలువు కిక్కిరిసింది. ముందు రాజుగారి సంచి తెచ్చారు. ముద్ర చెక్కుచెదరలేదు. శూలపాణి పొడి దగ్గు దగ్గి, లక్క పగలగొట్టి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"మూడు వందల డెబ్భై నాలుగు, ప్రభూ."

రాజు సింహాసనంలోంచి సగం లేచాడు. "తక్కిన ఇరవై ఆరు ఏ దొంగ ఎత్తుకుపోయాడు?"

"దొంగ కాదు ప్రభూ. భోజనాలకు మూడు రోజులకు ఆరు. రోజూ సంచి విప్పినందుకు పదిహేను. ఇప్పుడు విప్పినందుకు అయిదు."

"నా సంచి విప్పడానికి కూడా కూలి తీసుకున్నావా?"

"చట్టంలో 'రాజుగారికి తప్ప' అని లేదు ప్రభూ. మొన్నటిది తమరు మాఫీ చేశారు, తక్కినవి చేయలేదు," అన్నాడు శూలపాణి, చట్టం తప్పనందుకు మెచ్చుకుంటారేమోనని చూస్తూ.

రాజు భీమడివైపు తిరిగాడు. భీమడు సిగ్గుపడ్డాడు. "రాజుగారి సొమ్ము కదా అని తక్కువే తిన్నాము ప్రభూ."

కొలువులో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు ముఖం ఎర్రబడింది. "సరే, నీదేదీ?" అని తిప్పన్నను గద్దించాడు. "వట్టి చేతులతో వచ్చావే."

"నా సొమ్ము నాలుగు వందల కొమ్మలకు కట్టి ఉంది ప్రభూ. దారం విప్పితే వరహా దిగుతుంది. ఏ పది చెట్లయినా తమ అధికారినే ఎంచుకోమనండి."

శూలపాణి బయలుదేరాడు. రాజు కూడా ఊరుకోలేక పల్లకీ ఎక్కాడు. వెనకాల ఊరు ఊరంతా నడిచింది. మొదటి చెట్టు దారం విప్పేలోపే ఇంటావిడ కొంగుముడి విప్పి వరహా చేతిలో పెట్టింది. రెండో ఇంట్లో ఉట్టిలోంచి దింపి ఇచ్చారు. అలా తొమ్మిది ఇళ్ళు, తొమ్మిది వరహాలు.

పదో చెట్టు గురవప్ప అనే ముసలాయనది. దారం విప్పగానే ఆయన తల దించుకున్నాడు. పక్కన కొత్త మేక ఒకటి కట్టేసి ఉంది, ఆకులు నములుతోంది.

"నిన్ననే కొన్నాను," అన్నాడు గురవప్ప. "ఇంత తొందరగా అడుగుతారనుకోలేదు."

ఒక్క వరహా. రాజు మీసాలు మెల్లగా పైకి లేచాయి.

అప్పుడు ఎడమపక్క ఇంటావిడ దడి మీదుగా అరిచింది. "ఓ పెద్దయ్యా, మేకపాలు నాలుగు రోజులు నాకు పోద్దువుగాని." అని కొన్ని రూకలు గురవప్ప దోసిట్లో పోసింది. కుడిపక్కాయన, "నాకు రెండు రోజులు" అని మరికొన్ని పోశాడు. వెనకింటి మేలక్క తక్కువైనవి లెక్కచూసి కలిపింది. "మా వరసలో ఎవరి చాపా ఎత్తనివ్వం. తీసుకోండి అధికారిగారూ, ఒక వరహాకు సరిపోయాయి. విప్పుడుకూలి మాత్రం మా దగ్గర లేదు."

శూలపాణి రూకలు మూడుసార్లు లెక్కపెట్టాడు. సరిపోయాయి.

"చూశారా ప్రభూ," అన్నాడు తిప్పన్న. "దారం దొంగిలిస్తే దొంగకు దొరికేది దారమే. నా సొమ్ముకు తమరు నలుగురిని కాపలా పెట్టారు. ఇప్పుడు నాలుగు వందల ఇళ్ళు కాపలా ఉన్నాయి. ఆ నలుగురికీ నేను అన్నం పెట్టాలి. ఈ ఇళ్ళవాళ్ళు నిన్న నాకే పెట్టారు."

ఉత్తుంగవర్మ మేకను చూశాడు, శూలపాణిని చూశాడు, భీమడి పొట్టను చూశాడు. పదకొండేళ్ళుగా తను రక్షించిన ధనమంతా ఎక్కడ చేరిందో ఆయనకు అప్పుడు కళ్ళారా కనబడింది. ముందు పెదవి కదిలింది, తరువాత భుజాలు కదిలాయి, ఆ తరువాత పల్లకీ మొత్తం ఊగేలా నవ్వాడు.

"కొట్టేశానోయ్, ఆ చట్టం కొట్టేశాను. భీమడూ, ఇవాళ్టినుంచి నువ్వు తోటలకు కాపలా. చెట్లు నీకు అన్నం పెట్టవు, జాగ్రత్త. కుర్రవాడా, ఇదిగో నూరు వరహాలు, నా బహుమానం. వీటిని ఎక్కడ దాస్తావో మాత్రం నేను చూడాలి."

తిప్పన్న నూరు వరహాలూ కళ్ళకద్దుకున్నాడు. విప్పిన పది దారాల్లోంచి ఒకటి తీసుకున్నాడు. "తమ కోట వెనక లవంగం తోటలో ఎన్ని చెట్లున్నాయి ప్రభూ?"

"నూటికి తక్కువుండవు. ఎందుకు?"

వరహాల మూట పల్లకీలో, రాజుగారి ఒళ్ళోనే పెట్టి, తిప్పన్న ఆ ఎర్ర దారం రాజుగారి ముంజేతికి కట్టాడు. "నూరు చెట్లకు నూరు వరహాలు. మొగ్గ ఎర్రబడేదాకా తమ దగ్గరే ఉంటాయి."

మేలక్క మెల్లగా అంది: "అడిగిన గడియలో ఇవ్వాలండీ ప్రభువులు. మా సంతలో ఆచారం."

రాజు కిరీటం పక్కకు జారేదాకా నవ్వాడు. "ఇచ్చింది నేను, తీసుకున్నదీ నేను, బాకీపడ్డదీ నేనే. కానివ్వు."

మిగిలిన తొమ్మిది దారాలూ తిప్పన్న వాటి కొమ్మలకే మళ్ళీ కట్టాడు, తొమ్మిది వరహాలూ ఇళ్ళకు చేరాయి. రాజుగారి ముంజేతికి వెళ్ళింది గురవప్ప చెట్టు దారం. అందుకని మేలక్క కొత్తది పేని ఇచ్చింది. రూకలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేశారు. గురవప్ప పాలు మాత్రం ఒప్పుకున్నట్టే పోస్తానన్నాడు.

కోతకు ఇంకా నలభై అయిదు రోజుల పైనే ఉంది. తిప్పన్న మధ్యాహ్నానికల్లా రేవుకు చేరాడు. దక్షిణాన ఇంకో దీవి ఉందని, అక్కడ జాజికాయ ఇక్కడికన్నా సగం ధరకే దొరుకుతుందని ఓడవాళ్ళు అనుకుంటుంటే విన్నాడు. ఒకసారి కళ్ళతో చూసి రావాలి.

తెరచాప విప్పుకుంటున్న పడవవాడు అతన్ని ఎగాదిగా చూశాడు. "మూటాముల్లె ఏదీ? పరాయి దీవికి పోతూ దొంగల భయమైనా లేదా?"

"ఎత్తుకుపోవడానికి ఏముంది? తెడ్డు నేను వేస్తాను, పడవకూలి అడక్కు," అని తిప్పన్న పంచె మోకాళ్ళపైకి ఎగ్గట్టి, రెండు చేతులూ ఊపుకుంటూ నీళ్ళలోకి దిగాడు.