మంచు మీద మూడు నీడలు

"గురువుగోరూ, మా అందరిలో ఎవల మీద మీ దయ ఎక్కువుందో ఈపాలి సెప్పీయండి" అని గవరయ్య పట్టుబట్టాడు.

అడగడానికి కారణం లేకపోలేదు. పరదేశయ్య గురువుగారికి వయసు మీదపడింది. మాట మధ్యలో కునుకు తీస్తున్నారు. ఆయన తర్వాత ఆయన చాప మీద కూర్చుని నలుగురికీ బోధ చెప్పేది ఎవరో ఇంతవరకు బయటపెట్టలేదు. చుట్టుపక్కల ఊళ్ళ శిష్యుల్లో చాలామంది గవరయ్యే అనుకునేవారు. అతను నేతపనివాడు. మగ్గం ముందు కూర్చుని తత్వం అందుకుంటే దారినపోయేవాళ్ళు ఆగి వినేవారు. కొందరు మాత్రం సంతల్లో గాజులమ్మే బంగారమ్మ పేరు చెప్పేవారు. ఆమెకు పాట రాదు, పద్యం రాదు. ఎదుటివాళ్ళు కష్టం చెప్పుకుంటే చివరిదాకా వింటుంది, అంతే. గవరయ్య ఆమెను అక్కగా ఎంచి అప్పా అని పిలిచేవాడు, పెద్దదని గౌరవించేవాడు కూడా. అయినా ఆమె పేరు వినబడినప్పుడల్లా అతనికి ముద్ద గొంతు దిగేది కాదు. మీసమైనా రాని రోజుల నుంచి గురువును కనిపెట్టుకుని ఉన్న మనిషి. ఆ చాప దక్కకపోతే తన బతుకు దండగ అని గట్టిగా అనుకుంటున్నాడు.

గురువుగారికి ఒక అలవాటుంది. మాటతో తేలే ప్రశ్నకు మాటతో జవాబు చెప్పేవారు. తేలని ప్రశ్న వస్తే లేచి చెప్పులు తొడుక్కునేవారు. ఆ రోజు చెప్పులు తొడుక్కున్నారు.

"బంగారమ్మని కూడా రమ్మను. కొప్పుకొండ గట్టెక్కుదాం" అన్నారు.

కొప్పుకొండకు మొనదేలిన శిఖరం లేదు. పూరింటి కొప్పులాగా ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నటి గట్టు, దాని మీద ఒకరి వెనక ఒకరు నడవాల్సిన కాలిబాట. పుష్యమాసం చలి. పడమటి లోయలోని పల్లెలో పడుకుని, తెల్లవారకముందే బయలుదేరారు. శిష్యులిద్దరూ చెరో రెక్కా పట్టుకుని గురువును ఎక్కించారు. పొగమంచులో ముందున్న బండ కూడా కనబడక గవరయ్య కాలు రెండుసార్లు జారింది. ఇంత అవస్థపడి ఎక్కి చూసేదేముందని లోపల కాస్త విసుక్కున్నాడు.

మంచు పొరను దాటి గట్టు మీదికి రాగానే ముగ్గురూ ఆగిపోయారు.

తూర్పున కొండల వెనక కొండలు, వాటి వెనక ఇంకా కొండలు, పేరు పెట్టే దిక్కులేనన్ని. ఒక్కొక్క వరసా ఒక్కొక్క నీలం. పడమటి వైపు అసలు లోయే లేదు. వాగు లేదు, చేలు లేవు, రాత్రి తాము పడుకున్న పల్లె లేదు. పాదాల కింద నుంచి ఆకాశం అంచు దాకా తెల్లటి మంచు, ఏకిన దూదిలా కదలకుండా పరుచుకుని ఉంది. ఎక్కడా చప్పుడు లేదు. తన ఊపిరి తనకే పెద్దగా వినబడుతుంటే గవరయ్యకు ఒళ్ళు గగుర్పొడిచింది. పుట్టినప్పటి నుంచీ ఈ కొండ నీడలోనే బతికి, దీన్ని చూడకుండానే పోయేవాణ్ణి కదా అనిపించింది. ఎప్పుడూ నోట్లో ఏదో ఒక తత్వం ఆడే మనిషికి ఆ పూట ఒక్క చరణమూ గుర్తురాలేదు.

ఇంతలో పొద్దు పొడిచింది. "ఎండకి ఈపు పెట్టి కిందకి సూడండి" అన్నారు గురువుగారు. ముగ్గురూ ఎడమెడంగా నిలబడ్డారు. కింద మంచు మీద మూడు నీడలు పొడుగ్గా పడ్డాయి.

గవరయ్య నీడకు తల చుట్టూ రంగుల వలయం ఒకటి వెలిగింది. లోపల తెలుపు, దాని మీద పసుపు, అంచున ఎరుపు. దేవుడి పటాల్లో తల వెనక వేసే వెలుగుచక్రం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. అతను తల కదిపితే అదీ కదిలింది. వెంటనే పక్కకు చూశాడు. బంగారమ్మ నీడ తల ఉత్త నలుపు. గురువుగారి నీడ తల కూడా ఉత్త నలుపే. ఒక్క క్షణం భయపడ్డాడు. కాని మనసుకు కావలసిన అర్థం దొరకడానికి ఎంతోసేపు పట్టదు. గురువు తనకు ఇచ్చేశాడు, ఇచ్చేసినవాడి దగ్గర ఇంకెలా ఉంటుంది? గవరయ్య మోకాళ్ళ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

కళ్ళు తుడుచుకుని చూస్తే బంగారమ్మా ఏడుస్తోంది. అతనికి నిజంగానే జాలేసింది.

"మనసు కష్టపెట్టుకోకప్పా. దేవుడు ఎవలికియ్యాలో ఆలికే ఇస్తాడు. నిన్ను నానెప్పుడూ ఒగ్గేసి పోను" అన్నాడు.

బంగారమ్మ పైట చెంగు మొహం మీంచి తీసి అతన్ని వింతగా చూసింది. "అదేటి తమ్ముడా! ఆ మాట నీకెలా సెప్పాలా అని నానేడుస్తంటే! నీ తల సుట్టూ ఏటీ నేదు గదా!"

బంగారమ్మ ఈ కథ నాకు చెప్పినప్పుడు, ఇక్కడికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ రోజు గట్టు మీద మాత్రం నవ్వలేదట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గురువుగారు చోట్లు మార్చుకోమన్నారు. మార్చుకున్నారు. "నాతోటే వొచ్చింది" అన్నాడు గవరయ్య. "నేదు, నాతోటే వొచ్చింది" అంది బంగారమ్మ.

గవరయ్య మెల్లగా గురువు వైపు తిరిగాడు. "మరి మీకు ఎవల మీద కనబడతంది గురువుగోరూ?"

"నాను నిలబడ్డది నా కాళ్ళ మీదే కదరా, నాకూ నా తల సుట్టూనే" అన్నారాయన.

గవరయ్యకు నీరసం ముంచుకొచ్చింది. "అయితే ఇదంతా ఉత్తదేనా? ఎండా మంచూ ఆడిన ఆటేనా?"

"సూసిందంతా నిజిమే నాయనా. సూడనిదాన్ని నేదనుకున్నావు."

గవరయ్య చాలాసేపు బంగారమ్మ నీడ వంక చూస్తూ నిలబడ్డాడు. ఎంత కళ్ళు చికిలించినా అది నల్లగానే ఉంది. కింద ఆ మంచు అడుగున ఎన్ని ఊళ్ళున్నాయో, ఎందరు ఇంకా నిద్ర లేవలేదో. చెప్పిన మాట వినక తాగి తిరిగే తన బావమరిది ఎక్కి వచ్చి ఇక్కడ నిలబడినా, వాడికి వాడి తల చుట్టూ ఇదే వెలుగు కనబడుతుంది. తనకు మాత్రం జన్మలో కనబడదు. మంచును చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యం దీని ముందు ఏపాటిది! రెండు చేతులూ జోడించి, బంగారమ్మ నీడ నల్లటి తలకు వంగి దండం పెట్టాడు.

ఎండ ముదిరింది. మంచు చిరుగులు పడి, వాగు మలుపొకటీ పల్లెలో రెండు కప్పులూ బయటపడ్డాయి. నీడలు చెదిరిపోయాయి.

"నానడిగిన మాట ఎనక్కి తీసుకుంటాను గురువుగోరూ" అన్నాడు గవరయ్య.

గురువుగారు ఇద్దరి భుజాల మీదా చెరో చెయ్యీ వేసి బాటకేసి తిరిగారు. "ఎందుకూ, మంచి మాటే అడిగినావు. రేపు మిమ్మల్నీ ఎవలో ఒకలు అడుగుతారు. ఆలిని ఇక్కడికి తీసుకురావాల గదా. దిగేటప్పుడు దోవ బాగా సూసుకోండి, ఇద్దరూ" అన్నారు.